పాస్‌వర్డ్ మార్చినా ఉత్తరాలు రావడం లేదా?

ప్రశ్న: నాకు అత్యవసరంగా డబ్బు కావాలంటూ నా ఈమెయిల్ నుంచి తెలిసినవారందరికీ ఉత్తరాలు వెళ్లాయి. సంగతి తెలియగానే పాస్‌వర్డ్ మార్చాను. కానీ వాళ్లు పంపామంటున్న జవాబులేవీ నా ఇన్‌బాక్స్‌లో కనిపించడం లేదు. ఇంకేం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: పాస్‌వర్డ్ వెంటనే మార్చి మంచి పని చేశారు. అయితే జవాబులు మీకు చేరడం లేదంటే, చొరబడినవారు చేసిన మార్పులు ఖాతాలో ఇంకా మిగిలే ఉన్నాయని అనుమానించాలి. ఇలాంటివారు సాధారణంగా సెట్టింగ్స్‌లో ఒక ఫిల్టర్ పెట్టి, మిమ్మల్ని హెచ్చరించే ఉత్తరాలు మీ కంట పడకుండా నేరుగా ట్రాష్‌లోకో ఆర్కైవ్‌లోకో వెళ్లేలా చేస్తారు. కొందరు మీకు వచ్చే ప్రతి ఉత్తరం నకలు తమకు చేరేలా ఫార్వార్డింగ్ కూడా పెడతారు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఇవి తొలగిపోవు. జీమెయిల్ వాడుతుంటే కంప్యూటర్‌లో సెట్టింగ్స్ తెరిచి ఫిల్టర్ల విభాగాన్నీ, ఫార్వార్డింగ్ విభాగాన్నీ చూడండి. ఔట్‌లుక్‌లో వీటిలో మొదటిదాన్ని ‘రూల్స్’ అంటారు. మీరు పెట్టనిది ఏది కనిపించినా తీసేయండి. ‘రిప్లై టు’ (జవాబులు చేరే) చిరునామాను కూడా అక్షరం అక్షరం సరిచూడండి, ఎందుకంటే మీ చిరునామాలో ఒక్క అక్షరం మార్చి కొత్త ఖాతా తెరిచి, జవాబులన్నీ అక్కడికి మళ్లించే మోసగాళ్లు ఉన్నారు.

తర్వాత, ఖాతాను తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోన్ నంబరూ ప్రత్యామ్నాయ ఈమెయిలూ మీవేనా అని చూసుకోండి. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేసి, ఖాతాకు అనుసంధానమై ఉన్న తెలియని యాప్‌ల అనుమతులు రద్దు చేయండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. చాలా వెబ్‌సైట్లలో ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కితే వచ్చే లింకు మీ మెయిల్‌కే వస్తుంది కాబట్టి, మెయిల్ ఎవరి చేతిలో ఉంటే మిగతా ఖాతాలూ వారి చేతికి చిక్కుతాయి. అందుకే ట్రాష్‌లో మీరు అడగని పాస్‌వర్డ్ మార్పు ఉత్తరాలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే ఆయా ఖాతాల పాస్‌వర్డ్‌లు కూడా ఈరోజే మార్చండి. బ్యాంకు ఖాతాతో మొదలుపెట్టండి.

ఒకే పాస్‌వర్డ్‌ను పలుచోట్ల వాడుతుంటే ఆ అలవాటు మానుకోవాలి. 2013లో యాహూలో జరిగిన చోరీ ఒక్కదానిలోనే దాదాపు 300 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి. ఒకచోట దొరికిన పాస్‌వర్డ్‌ను మోసగాళ్లు యంత్రాల సాయంతో వందల సైట్లలో ప్రయత్నిస్తారు. అన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు గనుక వాటిని భద్రపరచి, అవసరమైనచోట తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. మీరు నకిలీ సైటుకు వెళ్లినా, చిరునామా సరిపోలక అది పాస్‌వర్డ్ నింపదు; నా దృష్టిలో అదే దాని అసలు ప్రయోజనం.

పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ వంటి రెండో రుజువు అడిగే రెండంచెల ధ్రువీకరణ తప్పక పెట్టుకోండి. అయితే నకిలీ పేజీలో మీరు టైపు చేసిన ఓటీపీని మోసగాడు ఆ క్షణంలోనే అసలు సైటులో వాడుకోగలడు. పాస్‌వర్డ్‌కు బదులు మీ ఫోన్ లేదా కంప్యూటర్‌ తాళంతో (వేలిముద్ర, పిన్ వంటివి) ప్రవేశం కల్పించే పాస్‌కీ అసలు సైటుకే ముడిపడి ఉంటుంది కనుక ఇలా చేజారదు. ఆ సదుపాయం ఉన్నచోట దాన్నే ఎంచుకోండి. ఖాతా తిరిగి ఇప్పిస్తామని సోషల్ మీడియాలో ముందుకు వచ్చేవారిని మాత్రం నమ్మవద్దు, కష్టంలో ఉన్నవారినే వెతికి మళ్లీ దోచుకునే మోసం అది.

ప్రశ్న: నా చిరునామా నుంచే నాకు ఒక ఉత్తరం వచ్చింది. అందులో నా పాత పాస్‌వర్డ్ రాసి, కెమెరాలో నన్ను చిత్రీకరించామని, బిట్‌కాయిన్ పంపకపోతే అందరికీ పంచుతామని బెదిరిస్తున్నారు. చాలా భయంగా ఉంది.
– మరో పాఠకుడు

జవాబు: మీ భయం సహజమే, కానీ ఇదే ఉత్తరం ఎందరెందరికో వెళుతుంటుంది. ఈమెయిల్ నడిచే ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతి 1982లో రూపొందినప్పుడు పంపినవారెవరో నిర్ధారించే ఏర్పాటు అందులో లేదు. పంపినవారి చిరునామా అసలైనదేనా అని చూసే డీమార్క్ వంటి తనిఖీలు చాలా కాలం తర్వాత వచ్చాయి, అవి అన్నిచోట్లా పకడ్బందీగా అమలు కావడం లేదు. కాబట్టి పంపినవారి గడిలో మీ చిరునామా కనిపించడం చొరబాటుకు రుజువు కాదు. పాస్‌వర్డ్ పాతదంటే, ఎప్పుడో ఏదో సైటు నుంచి బయటపడిన జాబితాలోదై ఉంటుంది. ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సైటులో మీ ఈమెయిల్ ఇచ్చి చూస్తే ఎక్కడ పోయిందో తెలియవచ్చు. డబ్బు పంపవద్దు, జవాబు రాయవద్దు. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే వెంటనే మార్చి, ఉత్తరాన్ని స్పామ్‌గా గుర్తించండి.