మంచుకు చావకుండా మనిషెత్తు పెరిగే నాగజెముడు ఉందా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఇల్లు, ఎర్ర బంకమట్టి నేల, పెరట్లో పెద్ద నాగజెముడు పొద ఉండాలని కోరిక. కిందటేడు నర్సరీ నుంచి తెచ్చి పెట్టింది జనవరికల్లా మెత్తబడి కుళ్ళిపోయింది. చలికి తట్టుకునే పెద్ద రకం ఏదైనా ఉందా అని.

ఉందండి. కానీ పేరొక్కటే చెప్పి వదిలేస్తే దాన్ని కూడా చంపుకుంటారు. నేను రెండు మొక్కల్ని చంపాకే మూడోదాన్ని బతికించుకున్నాను కాబట్టి కాస్త సాగదీసి చెప్తాను, ఏమీ అనుకోకండి.

మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. ఇక్కడి నేల అచ్చం మన నల్లరేగడే. వాన పడితే చెప్పు ఊడి రాదు, ఆగస్టులో చెయ్యి దూరేంత బీటలు. ఇల్లు కొన్న కొత్తలో, 2018లో, మెక్సికన్ కిరాణా కొట్లో కూరగాయల మధ్య నోపాలెస్ అని జెముడు పడగలు అమ్ముతుంటే చూసి ముచ్చటపడ్డాను. (ఆ బల్లపరుపు ముక్కల్ని నేను పడగలనే అంటాను. ఆకుల్లా కనిపిస్తాయి గానీ అవి కాండమే.) రెండు తెచ్చి గుచ్చితే రెండున్నరేళ్ళలో నా భుజం దాకా వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నాను.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ని గడ్డకట్టించిన చలి సంగతి మీరూ వార్తల్లో చూసే ఉంటారు. 16వ తేదీన డల్లాస్ విమానాశ్రయంలో ఫారెన్‌హీట్ లెక్కలో మైనస్ 2, అంటే మన లెక్కలో మైనస్ 19 దాకా పడిపోయింది. ఇంట్లో కరెంటు లేదు, పైపులు పగులుతాయేమోనని టెన్షన్, ఇంక మొక్క గుర్తే లేదు. మంచు కరిగాక వెళ్ళి చూస్తే ఒక్కో పడగ నీళ్ళు పోసిన ప్లాస్టిక్ కవరులా వేలాడుతోంది. వేలితో నొక్కితే గోరు లోపలికి దిగిపోయింది. నాలుగు రోజులకు వాసన మొదలైంది. ఎనిమిది చెత్త సంచులు నింపాను.

అది ఒపన్షియా ఫికస్ ఇండికా. పండ్ల కోసం, కూర కోసం మెక్సికోలో సాగుచేసే రకం. త్వరగా పెరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, మైనస్ 8, 10 డిగ్రీలొస్తే మాత్రం దాని పని అయిపోయినట్టే. పెద్ద పడగలతో, పేరు చీటీ లేకుండా అమ్మే మొక్క చాలాసార్లు ఇదే అయి ఉంటుంది. మీరు తెచ్చిందీ ఇదేనని నా అనుమానం.

అదే రాత్రి మా పక్కింటి పెద్దాయన గోడవారన ఉన్న పొద మాత్రం చావలేదు. పడగలు ముడుచుకుని నేలకు వాలిపోయాయి, మే నెలకు మళ్ళీ లేచి నిలబడ్డాయి. ఏంటని అడిగితే ఎల్లిసియానా అన్నారు. టెక్సాస్‌లో ఎప్పట్నుంచో తోటల్లో పెంచుతున్న, పెద్ద ముళ్ళు లేని రకం. నాలుగైదు అడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు వస్తుంది. పెరగడం మాత్రం ఫికస్ ఇండికాతో పోలిస్తే నిదానం. మీకు నేను చెప్పే పేరు ఇదే. షార్లెట్ చలి దీనికి ఒక లెక్క కాదు.

ఆయనిచ్చిన మూడు పడగల్ని లాన్ మూల, కాస్త పల్లంగా ఉన్నచోట పెట్టాను. రోజు మార్చి రోజు స్ప్రింక్లరు నీళ్ళు తగిలే చోటు అది. ఎండాకాలమంతా నిగనిగలాడింది. నవంబరులో ఒకరోజు చూస్తే మొత్తం పక్కకి పడి ఉంది. మొదలు దగ్గర నల్లగా, చితికిన అరటిపండులా ఉంది. కత్తితో కోస్తే మధ్యలో గోధుమరంగు ఉంగరం. ఆ రంగు కనబడనంత పైదాకా కోసుకుంటూ పోయి, మిగిలిన రెండు పడగలు దక్కించుకున్నాను. అప్పటికింకా మంచే పడలేదు! చలి తట్టుకునే రకాన్ని నేను నీళ్ళతో చంపాను.

అందుకే మీకు నా గట్టి సలహా ఏమిటంటే, థర్మామీటరు తర్వాత చూడండి, ముందు నేల చూడండి. చలికాలపు వాన నీళ్ళు మొదలు దగ్గర నిలిచాయంటే ఏ రకమైనా కుళ్ళుతుంది. మీ దగ్గర మాకన్నా వాన ఎక్కువ, పైగా బంకమట్టి. గుంట తవ్వి అందులో ఇసుక నింపి నాటాలని చాలామంది చూస్తారు. అది బావి తవ్వి పెట్టినట్టే, చుట్టుపక్కల నీళ్ళన్నీ అందులోకే దిగుతాయి. బంకమట్టిలో కాస్త ఇసుక కలిపితే ఇంకా అధ్వాన్నం, ఇటుకలా బిగుసుకుంటుంది. తవ్వకండి, దిబ్బ పోయండి. నాది ఒకటిన్నర అడుగు ఎత్తు, ఆరేడు అడుగుల వెడల్పు. సగం పాత మట్టి, సగం సన్న కంకర, రాతి పొడి. పైన రెండంగుళాల గులకరాళ్ళు, పడగల మొదలు తడి నేలకు తగలకుండా. చెక్కపొట్టు మాత్రం పరచొద్దు, అది తడిని పట్టి ఉంచుతుంది. దక్షిణానికి ముఖం ఉన్న గోడ దొరికితే దాని ముందు పెట్టండి, పగలు తాగిన ఎండను రాత్రి వదులుతుంది.

నాటడం తేలిక. పడగను అతుకు దగ్గర కోసి, నీడలో పదిరోజులు పడేయండి. కోసిన చోట గట్టి పొక్కు కట్టాలి. ఏప్రిల్ చివర్లో మూడో వంతు మట్టిలో దిగేలా పెట్టి, రెండు వారాలు నీళ్ళ జోలికి పోవద్దు. మొదటి వేసవిలో పదిహేను రోజులకోసారి చాలు. రెండో ఏటినుంచి వానే చూసుకుంటుంది. ఎరువు నేనైతే వెయ్యను. వేస్తే బొద్దుగా, నీళ్ళగా పెరిగి చలికి ముందు అదే పోతుంది.

సెప్టెంబరు దాటాక ఒక్క చుక్క పోయకండి. ఈ మొక్క చలికి సిద్ధమయ్యే తీరు చిత్రంగా ఉంటుంది. పగటి పొద్దు తగ్గేకొద్దీ తనలోని నీళ్ళను తనే వదిలించుకుంటుంది. మిగిలిన రసం చిక్కబడి, తొందరగా గడ్డకట్టదు. అందుకే డిసెంబరుకల్లా పడగలు ముడతలుపడి, కొన్ని ఊదారంగు తిరిగి, వాలిపోతాయి. మొదటి ఏడు అది చూసి చచ్చిందనుకుని పార తీసుకెళ్ళాను, పక్కింటాయన గోడ మీంచి కేకేసి ఆపారు. గుర్తు ఇదీ: ముడతలుపడి తోలులా ఉంటే బతికుంది. గాజులా మెరిసి మెత్తగా ఉంటే పోయింది. మే దాకా పీకకండి.

మూడో వసంతంలో పూసింది. పసుపు పువ్వు, ఒక్కరోజే ఉంటుంది. మా చిన్నది కనిపెట్టిన ఆట ఒకటుంది: పువ్వులో కేసరాల్ని పుల్లతో తాకితే అవన్నీ కలిసి మెల్లగా లోపలికి వంగుతాయి, అత్తిపత్తి ముడుచుకున్నట్టు. ఆ రోజు ఆఫీసు కాల్‌కి ఆలస్యమైంది నాకు.

మా మామగారు అనంతపురం నుంచి వచ్చినప్పుడు దిబ్బ చుట్టూ ఓసారి తిరిగి, "మా ఊళ్ళో దీన్ని కొట్టించడానికి కూలి ఇచ్చేవాళ్ళం నాయనా, నువ్వు రాళ్ళు కొనుక్కొచ్చి మరీ పెంచుతున్నావా?" అన్నారు. చేలగట్ల మీద కంచెగా పెట్టింది చేలోకి పాకితే ఆ బాధ ఆయనకు తెలుసు. పడగల మీద దూదిపింజల్లా తెల్లగా ఉన్నదాన్ని పుల్లతో నలిపి చూపిస్తే రక్తంలా ఎరుపు. అది కొచినీల్ పురుగు. 18వ శతాబ్దం చివర్లో ఆ ఎర్రరంగు వ్యాపారం కోసమే ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మద్రాసులో జెముడు తోటలు పెంచారు. ఆ తర్వాత, దక్షిణాదిలో పొలాల్ని ఆక్రమించిన నాగజెముడును చంపడానికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో రకం కొచినీల్‌ను తెచ్చి వదిలారు. చాలా ఊళ్ళలో జెముడు కంచెలు అలా మాయమయ్యాయి. మన పెరట్లో కనబడితే గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టండి, వారం తర్వాత ఇంకోసారి, చాలు. అన్నట్టు ఈ పని ఎండ ఉన్న రోజు పొద్దున్నే చెయ్యండి, సాయంత్రానికి ఆరిపోవాలి.

ముళ్ళు లేని రకం అన్నాను గానీ నమ్మకండి. పడగల మీది చుక్కల దగ్గర నూగు ముళ్ళుంటాయి, కంటికి సరిగా ఆనవు, చర్మంలో దిగితే రెండు రోజులు గుచ్చుతూనే ఉంటాయి. తోలు గ్లౌజులు పెట్టుకుంటే ఆ నూగు గ్లౌజులకే పట్టి తర్వాత మీకే అంటుకుంటుంది. వంటింటి పట్టుకారుతో పట్టుకోండి, లేదా నాలుగు మడతల పేపరుతో. దిగాయా, గమ్ టేపు అంటించి లాగండి, మిగిలినవి ట్వీజర్‌తో. నోటితో మాత్రం పీకొద్దు (నేను పీకాను).

మీ ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే, ముళ్ళున్నా ఫరవాలేదంటే, టెక్సాస్ అడవిజాతి ఎంగెల్‌మన్నై లిండ్‌హైమరై కూడా చూడొచ్చు. మనిషెత్తు పెరుగుతుంది, మైనస్ 12 దాకా భయం లేదు. మీ తూర్పు తీరంలో సహజంగా పెరిగే హ్యూమిఫ్యూసా వీటన్నిటికన్నా మొండిది, కెనడా దక్షిణ కొసలో కూడా ఉంది, కానీ జానెడు ఎత్తులో నేలను పట్టుకుని పాకుతుంది. మీరడిగిన పొద కాదు అది. ఇక్కడే వచ్చింది చిక్కు: ఎక్కువ చలికి ఆగే రకాలు చాలావరకు పొట్టివి. డెన్వర్‌లో ఉండే మా తమ్ముడు నాలాంటిదే కావాలంటే, వద్దురా, చోయా అనే జెముడు పెట్టుకో అన్నాను. పడగలు ఉండవు, కట్టెల్లాంటి కొమ్మలు, కానీ ఆ చలిలో కూడా నిలువెత్తు లేస్తుంది.

దిబ్బ ఈ చలికాలంలోనే పోసి పెట్టుకోండి, ఏప్రిల్ లోపు నాలుగు వానలకు కుదురుకుంటుంది. పడగలు కొనకండి. మెసేజ్ పెడితే మార్చి చివర్లో రెండు కోసి, పదిరోజులు గ్యారేజీలో ఆరబెట్టి, పేపర్లో చుట్టి పోస్టులో పంపిస్తాను. డబ్బా విప్పేటప్పుడు పట్టుకారు దగ్గర పెట్టుకోండి.