రోడ్డు పక్క ఫైబర్‌కు భూకంపం తెలుస్తదా?

ప్రశ్న: 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దిక్కు భూకంపం వచ్చినప్పుడు మా ఇంట్ల ఫ్యాను ఊగింది. ఇంటర్నెట్ ఫైబర్‌తోనే భూకంపాన్ని పసిగట్టి ముందే చెప్పొచ్చంటున్నరు. మా రోడ్డు పక్కన పూడ్చిన వైరు పనికొస్తదా? (పాఠకుడు, నల్లగొండ)

జవాబు: పనికొస్తుంది. కాకపోతే మీ వైరు మీకన్నా దూరపువాళ్లకే ఎక్కువ అక్కరకొస్తుంది. లెక్క చూడండి. ముందు పరుగెత్తేది పీ తరంగం, సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. గోడల్ని ఊపే ఎస్ తరంగం దాని వెనకాల 3.5 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఆనాటి 5.3 తీవ్రత భూకంపం మేడారం దగ్గర 40 కిలోమీటర్ల లోతున పుట్టింది. అక్కడికి నల్లగొండ దాదాపు 185 కిలోమీటర్లు. పీ తరంగం అక్కడి నేల మీదికి రావడానికి 7 సెకన్లు, అది భూకంపమేనని తేల్చడానికి కంప్యూటర్‌కు ఇంకో 5 వేసుకోండి. మీ దగ్గరికి ఎస్ తరంగం చేరేది 54వ సెకనుకు. ములుగులో వైరు ఉంటే మీకు 40 సెకన్లు దొరుకుతాయి. మీ వైరే కనిపెట్టాలంటే 17, 18కి మించవు. కాళ్ల కిందే పుట్టినదాన్ని ఏ వైరూ ముందు చెప్పలేదు. అదే డిసెంబర్ 7న మహబూబ్‌నగర్ జిల్లాలో వచ్చిన 3.0 తీవ్రతది అక్కడివాళ్లకు అలాంటిదే. అంత చిన్నదానికి హెచ్చరికతో పనీ లేదనుకోండి.

ప్రశ్న: మాది కేబుల్ ఇంటర్నెట్. 24 కోర్ల (గాజు పోగుల) కేబుల్‌లో కొన్ని ఖాళీగా ఉన్నయి. ఏమేం కావాలె? (మిర్యాలగూడ)

జవాబు: ఒక్క ఖాళీ సింగిల్ మోడ్ (వెలుగు ఒకే దారిన పోయే) కోరు చాలు. ఒక చివర ఇంటరాగేటర్ అనే పెట్టె పెడతారు. అసలు ఖర్చంతా దానిదే. అది 1550 నానోమీటర్ల లేజర్‌ను సెకనుకు వందలసార్లు కొడుతుంది. గాజులోని సూక్ష్మమైన హెచ్చుతగ్గుల వల్ల దారి పొడుగునా పిసరంత వెలుగు వెనక్కి మళ్లుతుంది. నేల కదిలి కోరు సాగితే ఆ వెలుగు ఫేజు, అంటే దాని అల ఎగుడుదిగుళ్ల స్థానం, మారుతుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూస్తే ఎక్కడ సాగిందో తెలుస్తుంది. 10 మీటర్లకొకటి లెక్కన 50 కిలోమీటర్లలో 5000 సెన్సర్లు పాతినట్టే. సెకనుకు 200 రీడింగులు, ఒక్కోటి 4 బైట్లు వేసుకున్నా రోజుకు 345 జీబీ. హార్డ్ డిస్కుల సంగతి ముందే చూసుకోండి.

ఇళ్లకు పంచే లైను మాత్రం వద్దు. స్ప్లిటర్ (ఒక కోరు వెలుగును పలు ఇళ్లకు చీల్చే ముక్క) దాటాక కొమ్మలన్నిటి వెలుగూ కలిసి తిరిగొస్తుంది, ఏది ఎక్కడిదో తేలదు. స్తంభాల మీది వైరుకు గాలే భూకంపంలా ఉంటుంది. కాబట్టి పూడ్చిందే కావాలి, డక్టులో (గొట్టంలో) వదులుగా ఉంటే అదీ సరిగ్గా పట్టదు. ఓటీడీఆర్ (వైరులో వెలుగు ఎక్కడెంత తగ్గుతోందో గీత గీసి చూపే పరికరం) పెట్టి చూడండి. వెలుగు నష్టం కిలోమీటరుకు 0.2 డీబీ (డెసిబెల్) దగ్గర ఉండాలి, ఎక్కువ తినే జాయింట్లను మళ్లీ స్ప్లైస్ చేయించండి, అంటే కరిగించి అతికించమనండి. చివర్లో గీత నిలువుగా లేచిందంటే కొస నుంచి వెలుగు తన్నుతోందని అర్థం. ఆ కొసను పెన్సిలుకు పది చుట్లు బిగుతుగా చుడితే అణిగిపోతుంది.

చాలామంది మరిచేది చాంబర్లలో (వైరు జాయింట్ల గుంతల్లో) చుట్టి పెట్టిన లూపులు. 20 మీటర్ల లూపు ఉంటే అక్కణ్నుంచి ప్రతి దూరమూ 20 మీటర్లు తప్పుతుంది. అందుకే జీపీఎస్ పట్టుకుని వైరు వెంట నడుస్తూ అక్కడక్కడ సుత్తితో నేలను కొట్టాలి. స్క్రీన్ మీద ఏ మీటరు దగ్గర పలికిందో రాసుకోవాలి.

ప్రశ్న: హైవే లారీలు, గ్రానైట్ క్వారీ పేలుళ్లకు ఉత్తుత్తి అలారం మోగదా? (చౌటుప్పల్)

జవాబు: లారీతో పేచీ లేదు. 60 వేగంతో పోయే లారీ కిలోమీటరుకు నిమిషం తీసుకుంటుంది, తెరమీద వాలుగా సాగే గీత అవుతుంది. భూకంపం పీ తరంగం 50 కిలోమీటర్లనూ పది సెకన్లలోపే దాటేస్తుంది. క్వారీ పేలుడే చిక్కు, దాన్నుంచీ పీ తరంగమే వస్తుంది. పుట్టిన చోటు క్వారీ మీద, లోతు సున్నా దగ్గర తేలితే వదిలేయొచ్చు. లోతు తేల్చడానికి ఒక్క వైరు చాలదు. పైగా ఫైబర్ తన పొడుగు వెంట వచ్చే సాగుడునే బాగా పడుతుంది, అడ్డంగా తగిలిన పీ తరంగాన్ని దాదాపు వదిలేస్తుంది. అందుకే మామూలు సీస్మోమీటర్లను తీసేయరు, రెండింటినీ కలిపి చూస్తారు. తిన్నటి హైవేకన్నా మలుపులున్న రోడ్డు వైరే ఏ దిక్కు నుంచి వచ్చే తరంగాన్నైనా పట్టడానికి మేలు.