దూలం కొన పుచ్చితే ఇల్లంతా విప్పాలా?

ఇల్లు–వాకిలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చంద్రగిరిలో మా జేజినాయన కట్టించిన పెంకుటిల్లు మాది. రాయి, అడుసుతో కట్టిన గోడలు. టేకు దూలాలు, వేప వాసాలు. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న నడిమింట్లో దూలం పడమటి గోడ దగ్గర కిందికి దిగింది. గోడ సందులోంచి గోధుమరంగు పొడి రాలుతోంది. పెంకులు దించేసి ఆ గోడల మీదే స్లాబు వేద్దామని మేస్త్రీ అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: ఆ గోడల మీద స్లాబు మాత్రం వేయించకండి. మీ గది 180 చదరపు అడుగులు. వాలు కూడా లెక్కేస్తే దానికి సుమారు 290 బంగళా పెంకులు పడతాయి, వాటి బరువు 800 కిలోల లోపే. అదే గదికి 5 అంగుళాల స్లాబు పోస్తే 5 టన్నులు దాటుతుంది. అడుసు గోడలు పై నుంచి నిలువుగా దిగే తేలికపాటి బరువును మోయడానికి కట్టినవి. ఆరింతలకు మించిన బరువు ఎక్కిస్తే మూలల్లో చీలతాయి, తలుపుల మీద బీటలిస్తాయి. స్లాబే కావాలంటే దానికి వేరే పునాది, వేరే స్తంభాలు ఉండాలి.

ముందు ఆ పొడి ఏమిటో తేల్చుకోండి. వేలి మీద వేసుకుని చూడండి. గోధుమపిండిలా మెత్తగా, తెల్లగా ఉండి చెక్క మీద గుండుసూది బెజ్జాలు కనిపిస్తే అది పుచ్చు పురుగు పని. చెక్క లోపల మట్టి పూత, గోడ మీద మట్టి దారి ఉంటే చెదలు. చెక్క ముదురు గోధుమ రంగుకు తిరిగి, చిన్న చిన్న చదరాలుగా పగిలి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయితే అది తేమ వల్ల పుట్టిన కుళ్లు. మీరు చెప్పిన రంగును బట్టి మీది మూడోదే కావచ్చు. మందు ఏది కొట్టాలన్నది దీన్ని బట్టే ఉంటుంది గనుక ఇక్కడ తొందరపడొద్దు.

టేకు చేవ వయసు వల్ల కుళ్లదు, నీళ్ల వల్లే కుళ్లుతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం నిలిస్తేనే కుళ్లు పెరుగుతుంది. గది మధ్యలో గాలి తగిలే చోట దూలం గట్టిగా ఉండి, గోడలో దూరిన తొమ్మిది అంగుళాలే పోవడానికి కారణమదే. ఆ గోడ పైన పెంకు జరిగిందేమో, చూరు పొట్టిగా ఉండి వాన గోడకు కొడుతోందేమో చూడండి. బయటి గోడకు తర్వాత సిమెంటు పూత పూయించి ఉంటే అసలు తప్పు అక్కడే ఉంది. సున్నం పూత తాగిన తేమను తిరిగి వదిలేస్తుంది. సిమెంటు పూత బీటలోంచి నీళ్లు లోపలికి వెళ్లనిచ్చి బయటికి రానివ్వదు. ఆ తేమంతా దూలం కొనకు చేరుతుంది.

కుళ్లు ఎంత దూరం పోయిందో 6 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో తెలుస్తుంది. గోడ నుంచి మొదలుపెట్టి ప్రతి నాలుగు అంగుళాలకూ, దూలం పక్క నుంచి, సగం మందం దాకా తొలవండి. గట్టి చెక్కలో బిట్టు బరువుగా దిగుతుంది, పొడిగా మెలికలు తిరిగిన పేళ్లు వస్తాయి, టేకు వాసన తగులుతుంది. కుళ్లిన చోట బిట్టు ఒక్కసారిగా లోపలికి జారుతుంది, చెమ్మగా ముద్ద పొడి వస్తుంది. వరసగా రెండు బెజ్జాల్లో గట్టి పేళ్లు వస్తే కుళ్లు అక్కడితో ఆగినట్టు.

ఇప్పుడు దూలం కింద, ఈ కొన నుంచి ఆ కొనకు నూలుదారం లాగి కట్టి మధ్యలో వంపు కొలవండి. 12 అడుగుల దూలానికి 10 మిల్లీమీటర్ల దాకా దిగినా భయం లేదు. 15 దాటితే బరువు చాలక వంగుతోందని అర్థం. అప్పుడు కొన బాగుచేస్తే సరిపోదు, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి.

కొన మాత్రమే పోయి ఉంటే పని ఇలా సాగాలి. ముందు ఆ దూలం మీద బరువు వేసే నాలుగు అడుగుల మేర పెంకులు, రీపర్లు దించి వరస తప్పకుండా పేర్చి పెట్టండి. గోడకు రెండు అడుగుల దూరంలో ఒకటి, దూలం మీద నిలిచి కప్పును మోసే నిట్టాడు కింద ఒకటి ఇనుప జాకీ సపోర్టులు పెట్టండి. వాటి కింద మందపాటి పలక ఉండాలి, లేకపోతే పాత గచ్చు కుంగిపోతుంది. దూలాన్ని ఒక్కరోజులో పైకెత్తొద్దు. రోజుకు 2, 3 మిల్లీమీటర్లు చాలు. పాత వంపు మొత్తం పోగొట్టాలని చూస్తే వాసాల కీళ్లు ఊడతాయి, గోడ తల కదులుతుంది. కుళ్లును పూర్తిగా కోసేసి, గట్టి చెక్క తగిలాక ఇంకో అడుగు లోపలికి కోయండి.

కోసిన చోట నుంచి గోడ దాకా దూలానికి రెండు పక్కలా 150 మిల్లీమీటర్ల ఇనుప సి-ఛానెల్ చెరొకటి పట్టించాలి. 8 అంగుళాల ఎత్తున్న దూలమైతే ఛానెళ్లు గట్టి చెక్క మీద కనీసం రెండున్నర అడుగులు పాకాలి. 12 మిల్లీమీటర్ల బోల్టులు ఐదారు, ఒకే గీతలో కాకుండా పైకీ కిందికీ మార్చి మార్చి వేయండి. వరసగా వేస్తే ఆ గీత వెంబడే చెక్క చీలుతుంది. కోసిన అంచుకు మొదటి బోల్టు నాలుగు అంగుళాల దూరంలో ఉండాలి. ఛానెళ్లకు రెడ్ ఆక్సైడు రెండు పూతలు బిగించకముందే పూయాలి. తర్వాత లోపలి వైపుకు బ్రష్షు పోదు.

గోడలో ఛానెళ్ల కింద అడుగు పొడవు, 9 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న నల్లరాయి పెట్టండి. బెజ్జంలో చుట్టూ అంగుళం ఖాళీ వదలండి. అందంగా ఉంటుందని సిమెంటుతో పూడ్చేస్తారు, ఒప్పుకోకండి. మిగిలిన దూలాల కొనల దగ్గరా ఇదే పద్ధతి, గాలి ఆడాలి.

పడమటి గోడ బయటి సిమెంటు పూత చెక్కేసి గానుగ సున్నంతో పూయించండి. సున్నాన్ని కనీసం రెండు వారాలు నీళ్లలో నాననిచ్చి, ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్లు ఇసుక కలిపి, ఒక్కో పూత 10 మిల్లీమీటర్లు మించకుండా రెండు మూడు పూతలు వేయాలి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే అలవాటున్న పనివాళ్లు దొరికితే వదలకండి. పైకప్పు విప్పే పని మాత్రం జనవరి, మే నెలల మధ్య ముగించుకోండి. 2021 నవంబరులో తిరుపతిలో కురిసిన వానలు గుర్తున్నవాళ్లెవరూ ఆ నెలలో ఇంటి మీద పెంకులు దించరు.

ప్రశ్న: పుంగనూరులో పాత పెంకుటింటి వెనక వంటగది, స్నానాలగది స్లాబుతో కట్టుకోవాలని ఉంది. పాత గోడకు ఆనించే కట్టవచ్చా?

జవాబు: ఆనినట్టు కనపడాలి, ఆనకూడదు. కొత్త కట్టడం మొదటి ఏళ్లలో కాస్త కుంగుతుంది. పాతది ఎప్పుడో కుంగి స్థిరపడింది. రెండింటినీ కలిపి కడితే బీట తప్పదు. పాత గోడకు, కొత్త గోడకు మధ్య నేల నుంచి పైదాకా 25 మిల్లీమీటర్ల సందు వదిలి థర్మోకోల్ పలక పెట్టండి. బయటి అంచును సీలెంటుతో మూసి, అల్యూమినియం పట్టీ కప్పండి. పట్టీని ఒక వైపు గోడకే మేకులు కొట్టి బిగించాలి. రెండు వైపులా కొడితే అదే చినుగుతుంది.

కొత్త స్తంభాలను పాత గోడకు మూడు అడుగుల దూరంలో వేసి, అక్కడి నుంచి స్లాబును పాత గోడ వైపు చాపడం మంచిది. అప్పుడు పాత పునాది పక్కన గుంత తవ్వాల్సిన పని ఉండదు. తప్పనిసరిగా తవ్వాల్సి వస్తే నాలుగు అడుగుల ముక్కలుగా, ఒకటి తవ్వి, నింపి, తర్వాతే పక్కది తవ్వండి. పొడవునా ఒకేసారి కాలువ తీస్తే పాత గోడ కింద మట్టి జారుతుంది.

ఇక నీళ్లు. కొత్త స్లాబు పాత చూరుకు కనీసం అడుగు కిందే ఉండాలి, పెంకుల నీళ్లు నేరుగా స్లాబు మీద పడి వాలున పోవాలి. స్లాబు ఎత్తుగా లేస్తే మధ్యలో దోనె వేయక తప్పదు. 18 అంగుళాల వెడల్పున్న 24 గేజి జీఐ రేకు, 10 అడుగులకు ఒకటిన్నర అంగుళం వాలు, కొనకు 4 అంగుళాల పైపు. ఆకులు పడి మూసుకుపోయేది ఎప్పుడూ ఆ పైపు నోరే, జాలీ పెట్టి దీపావళికి ముందు ఒకసారి కడగండి. స్నానాలగదిని పాత గోడ పక్కన కాకుండా అవతలి కొసకు పెట్టండి. పాత గోడలో కొత్తగా వాకిలి తెరిచేటప్పుడు గోడ మందంలో సగం కోసి ఒక రాతి పలక ఎక్కించి, అది నిలదొక్కుకున్నాక రెండో సగం కోయండి. పలక రెండు వైపులా 9 అంగుళాలు గోడ మీద కూర్చోవాలి. ఇల్లు పెంచుతున్నారు కాబట్టి మునిసిపాలిటీ అనుమతి తీసుకునే మొదలుపెట్టండి.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో ఇల్లు. ద్వారబంధాలకు చెదలు పట్టాయి. మందు ఎంత కలపాలి?

జవాబు: 20 శాతం క్లోరిపైరిఫాస్ అయితే ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్లు. గోడ, గచ్చు కలిసే మూల వెంబడి అడుగుకొక 12 మిల్లీమీటర్ల బెజ్జం, ఒక్కోదానికి లీటరు దాకా పోసి తెల్ల సిమెంటుతో మూయాలి. 12, 15 అడుగుల గదికి 54 బెజ్జాలు పడతాయి, అంటే మందు మూడు లీటర్ల లోపే. ద్వారబంధానికి గోడ కలిసే చోట నుంచి ఏటవాలుగా 3 మిల్లీమీటర్ల బెజ్జాలు ఆరేసి అంగుళాలకు తొలిచి, నూనెలో కలిసే చెద మందు సిరంజితో పోయాలి. ఇంట్లో బావి గానీ బోరు గానీ ఉంటే ఆ వైపు మందు పోయొద్దు. మట్టి దారులు మాత్రం చీపురుతో దులిపి ఊరుకోకండి, అవి తిరిగి ఎక్కడ లేస్తాయో నెలకోసారి చూస్తేనే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న: చిత్తూరులో వసారా స్తంభాలు మార్చాలి. వడ్రంగి ఎర్రచందనం తక్కువకు ఇప్పిస్తానంటున్నాడు.

జవాబు: ఆ మాట అక్కడే తుంచేయండి. అటవీశాఖ అనుమతి లేకుండా ఎర్రచందనం కొనడం, దాచడం, తరలించడం నేరం. పాత స్తంభాలే ఎర్రచందనమైతే కోయించడం, అమ్మడం చేయకముందు అటవీ అధికారులను అడగండి. వసారాకు పాత ఇళ్లు విప్పిన టేకు, వేగిస చాలా మంచివి. బిల్లు అడిగి తీసుకోండి. చేవ ఎంత, అంచున తెల్ల చెక్క ఎంత అన్నది కొన కోయించి చూడండి. పుచ్చు మొదలయ్యేది తెల్ల చెక్కలోనే. స్తంభం అడుగు నేలను తాకకుండా ఆరు అంగుళాల ఎత్తు రాతి దిమ్మ మీద నిలబెట్టండి.

ప్రశ్న: పాత దూలాలకు వార్నిషు మంచిదా, నూనె మంచిదా?

జవాబు: నూనె. వార్నిషు పొరగా లేచి ఊడుతుంది, లోపలి తేమను పట్టి ఉంచుతుంది. కాచిన అవిసె నూనె పలచగా రెండు పూతలు, మధ్య రెండు రోజుల ఎడం. వంటింటి వాసాలకు జీడి నూనె కొట్టే అలవాటు కూడా ఉంది, కానీ అది ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతాయి, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పారేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాకే పారేయండి.