అప్పు చేసి ఆల్ప్స్ ఎక్కాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ప్రభుత్వ టీచర్‌ని. వచ్చే మే నెలలో మా ఆవిడ, పదో తరగతి చదివే అమ్మాయి (వచ్చే ఏడాది ఆగస్టులో 16 నిండుతాయి), తొమ్మిదేళ్ల బాబుతో స్విట్జర్లాండ్ వెళ్లాలని కోరిక. ఆరు రోజుల్లో యుంగ్‌ఫ్రౌయోఖ్, టిట్లిస్, పిలాటస్ అనే మూడు కొండలూ చూపిస్తామని, నలుగురికీ కలిపి 9.40 లక్షలవుతుందని ఏజెంటు చెప్పాడు. మే బదులు ఆ తర్వాత వచ్చే దసరా సెలవుల్లో వెళ్తే 40 వేలు తగ్గిస్తానన్నాడు. సేవింగ్స్ ఖాతాలో 4 లక్షలున్నాయి. అమ్మాయి ఇంజనీరింగ్ కోసం వేసిన 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. నెలకు 30 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీ విరవమంటారా, 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దు మాస్టారూ.

ముందు లోన్ లెక్క చూడండి. 5 లక్షలు, 14 శాతం వడ్డీ, మూడేళ్లు. ఈఎంఐ 17,100 దాకా వస్తుంది. మొత్తం కట్టేది 6.15 లక్షలు. అంటే వడ్డీయే 1.15 లక్షలు. స్విస్ ఫ్రాంకు 115 రూపాయలనుకుంటే సరిగ్గా వెయ్యి ఫ్రాంకులు! యుంగ్‌ఫ్రౌయోఖ్ రానుపోను టికెట్ సీజన్‌లో 200 ఫ్రాంకులు దాటుతుంది. మీరు కట్టే వడ్డీతో మీ దంపతులిద్దరూ పూర్తి ధర పెట్టి ఆ కొండ రెండుసార్లు ఎక్కి దిగొచ్చు. పైగా ట్రిప్ అయ్యాక రెండేళ్లకు, అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కట్టే వేళకు, ఈ ఈఎంఐ ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఇక ఎఫ్‌డీ అమ్మాయి డబ్బు. దాని జోలికి వెళ్లొద్దు.

అసలు తగ్గించాల్సింది కొండల జాబితాను. ఏజెంట్లు ఖరీదైన మూడు పేర్లే అమ్ముతారు. 6 రోజుల స్విస్ ట్రావెల్ పాస్ పెద్దవాళ్లకు తలా సుమారు 400 ఫ్రాంకులు. రైళ్లు, బస్సులు, సరస్సుల్లో పడవలే కాదు, మూడు కొండలు కూడా అందులోనే వస్తాయి: రిగి, స్టాన్సర్‌హార్న్, స్టోస్. రిగి మీదికి 1871లోనే రంపంలా పళ్లున్న పట్టాల రైలు వేశారు, యూరప్‌లో అలాంటి కొండ రైళ్లలో అదే మొదటిది. లూసర్న్‌లో పడవెక్కి విట్స్‌నావ్‌లో దిగితే రైలు అక్కడే సిద్ధంగా ఉంటుంది. స్టాన్సర్‌హార్న్‌కి మొదట 1893 నాటి చెక్క పెట్టెల ఫ్యూనిక్యులర్, అంటే తాడుతో లాగే కొండ రైలు. ఆ తర్వాత పైకప్పు లేని రెండంతస్తుల కేబుల్ కారు. మీ బాబు పై అంతస్తు దిగడు, చూడండి. స్టోస్ ఫ్యూనిక్యులర్ 2017 చివర్లో మొదలైంది. ఏటవాలు 110 శాతం, అంటే అడ్డంగా 100 మీటర్లకు 110 మీటర్లు పైకి, ప్రపంచంలో అంత నిటారుగా ఎక్కే ఫ్యూనిక్యులర్ ఇంకోటి లేదు. కొండ వంపును బట్టి డ్రమ్ముల్లాంటి పెట్టెలు వాటంతటవే తిరుగుతాయి కాబట్టి మీరు నిలబడ్డ నేల చదునుగానే ఉంటుంది.

పాస్ బదులు హాఫ్ ఫేర్ కార్డు కొనొచ్చు కదా అనొచ్చు. అది దాదాపు 150 ఫ్రాంకులు, దాంతో చాలా టికెట్లు సగం ధరకు వస్తాయి. పాస్‌కీ దానికీ తేడా 250. కాబట్టి ఒక్కొక్కరి టికెట్ల అసలు ధరలు కూడితే 500 దాటితే పాస్, లోపు అయితే కార్డు. మీ లెక్క ఆ 500 చుట్టుపక్కలే తేలుతుంది. అయినా నేను పాస్ వైపే మొగ్గుతాను, మబ్బుల వల్ల. పైకెళ్లాక పొగమంచు తప్ప ఏమీ కనబడకపోతే దిగొచ్చి మర్నాడు మళ్లీ ఎక్కొచ్చు, పైసా ఖర్చు లేదు. నేను ఒకసారి నలుగురికీ ముందే టికెట్లు కొని, ఓ పెద్ద శిఖరం మీద గంటన్నర సేపు తెల్లటి దూదిని చూసి వచ్చాను. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని 'మన మబ్బుల ఇన్వెస్ట్‌మెంట్' అంటుంది.

అందుకే డబ్బిచ్చి ఎక్కే కొండ ఒక్కటే పెట్టుకోండి. నన్నడిగితే టిట్లిస్. గుండ్రంగా తిరిగే కేబుల్ కారు ఉంది, 3,020 మీటర్ల మీద మే నెలలోనూ మంచు ఉంటుంది, పాస్ చూపిస్తే సగం ధర. యుంగ్‌ఫ్రౌయోఖ్ 3,454 మీటర్లు, గొప్పదే, కాదనను. కానీ పాస్‌తో పావు వంతే తగ్గుతుంది. ఏదైనా సరే, ముందు రోజు రాత్రి కొండ మీది వెబ్‌క్యామ్, వాతావరణం చూశాకే టికెట్ కొనండి. ప్యాకేజీలో తేదీలు ముందే ఖరారవుతాయి కాబట్టి ఈ వెసులుబాటు ఉండదు.

దసరా డిస్కౌంట్ సంగతి. తల్లో తండ్రో వెంట ఉంటే 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకు స్విస్ ఫ్యామిలీ కార్డు ఉచితం, పాస్‌తో పాటే అడిగి తీసుకోండి. మీ అమ్మాయికి వచ్చే ఏడాది ఆగస్టులో 16 నిండుతాయని రాశారు. మేలో వెళ్తే తనకు టికెట్ అక్కర్లేదు. దసరాకైతే యూత్ పాస్ కొనాలి, అది 30 వేలు దాటుతుంది, కొండ టికెట్ వేరే. ఏజెంటు తగ్గించే 40 వేలలో మీకు మిగిలేది చాలా తక్కువ. పైగా అప్పటికి ఇంటర్ క్లాసులు.

సొంతంగా బుక్ చేసుకుంటే నా అంచనా ఇది: విమానం 2.6 లక్షలు, వీసా, బీమా 45 వేలు, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఐదు రాత్రులు 1.1 లక్షలు, పాస్‌లు 92 వేలు, టిట్లిస్, చిల్లర ఖర్చులు 30 వేలు, తిండి 50 వేలు. మొత్తం 5.87 లక్షలు. సేవింగ్స్‌లో లక్ష అత్యవసరానికి ఉంచి 3 లక్షలు తీయండి. ఈ నెల నుంచే 30 వేల ఆర్‌డీ మొదలుపెడితే పది నెలల్లో ఇంకో 3 లక్షలు. విమానం టికెట్లు మాత్రం సేవింగ్స్ డబ్బుతో ముందే కొనేయండి.

ప్యాకేజీకే వెళ్తానంటే, చెప్పిన ధరలో టీసీఎస్, అంటే ప్యాకేజీ అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను, కలిపారో లేదో అడగండి. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, మీ పాన్ మీద జమవుతుంది. డీడీవోకి, అంటే మీ జీతం బిల్లు చేసే అధికారికి, వివరాలిస్తే జీతంలో కోసే పన్నులో (టీడీఎస్) సర్దుతారు. స్విట్జర్లాండ్‌లో కార్డు గీకినప్పుడు మెషిన్ రూపాయల్లో కట్టమంటే ఒప్పుకోకండి, ఫ్రాంకుల్లోనే కట్టండి.

విదేశీ ప్రయాణానికి శాఖ నుంచి ఎన్‌వోసీ కూడా కావాలి కదా. ఆ ఫైలు ఎప్పటికి కదులుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆర్‌డీ తెరిచిన రోజే ఆ దరఖాస్తూ పెట్టేయండి.