మైకు కొనేముందు గది సంగతి, వాక్యం సంగతి చూడండి

పరకాలలో మీ ఇంట్లోనే కూర్చుని, మీరు రాసిన వ్యాసాలను చదివి రికార్డు చేయాలనుకుంటున్నారు. ఐదు వేల రూపాయలలో ఏ మైకు కొనాలి, చదువుతుంటే యాస వినిపిస్తే ఫరవాలేదా అని అడిగారు. ఆ డబ్బు కొన్నాళ్లు అలాగే ఉంచండి. నేను హనుమకొండలో మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదటి ఆరు నెలలూ ఫోనుతోనే చేశాను.

మధుమేహం వల్ల మా నాన్నగారి చూపు బాగా తగ్గింది. బడిలో జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి పత్రికను కళ్లకు ఆనించుకుని అక్షరాలు వెతుక్కుంటుంటే చూడలేకపోయాను. రామప్ప గుడి మీద నేను రాసిన వ్యాసం చదివి, రికార్డు చేసి వినిపించాను. రెండు నిమిషాలకే ఆపమన్నారు. "బావిలో నుంచి మాట్లాడుతున్నట్టుంది బిడ్డా. పైగా వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతున్నాను" అన్నారు. ఆ రెండు లోపాలనూ సరిచేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

బావి శబ్దానికి కారణం ఫోను కాదు, గోడలు. సున్నం వేసిన బోడి గోడలు, గచ్చు, గాజు కిటికీ మన గొంతును తిప్పి కొడతాయి. ఆ ప్రతిధ్వనిని కూడా మైకు పట్టుకుంటుంది; ఖరీదైన మైకైతే ఇంకా బాగా పట్టుకుంటుంది. ఒకసారి రికార్డయ్యాక దాన్ని తీసివేయడం దాదాపు అసాధ్యం. నేను బట్టల బీరువా ఉన్న చిన్న గదికి మారాను. కొత్తవాడలో నేసిన రెండు పెద్ద జంపఖానాలను మడతపెట్టి, వెనకా పక్కనా తాడు మీద వేలాడదీశాను. గోడకు అంటించకుండా బెత్తెడు ఎడం వదిలితే ఇంకా బాగా పని చేస్తాయి. ఫోను పెట్టే వైపు దూది పరుపు నిలబెట్టాను. నాన్నగారు ఆ రోజు ఏ అభ్యంతరమూ చెప్పకుండా చివరిదాకా విన్నారు.

అయితే జంపఖానా ప్రతిధ్వనిని తగ్గిస్తుందే కానీ బయటి చప్పుడును ఆపదు. దానికి వేళ చూసుకోవడం ఒకటే మార్గం. నేను తెల్లవారుజామున నాలుగున్నరకు కూర్చుంటాను. కాజీపేట వైపు నుంచి రైలు కూత వినిపిస్తే ఆగి, అది పోయాక ఆ వాక్యాన్ని మొదటి నుంచి చదువుతాను. ఫ్యాను ఆపాల్సిందే, మే నెలలో కూడా. అందుకే ఎండాకాలంలో ఒక్కో విడత పదిహేను నిమిషాలకు మించి చదవను. చదవడానికి ముందు పది సెకన్లు మౌనంగా ఉండండి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిగిలిన సన్నని హోరును తగ్గించేటప్పుడు ఆ మౌనమే నమూనాగా పనికొస్తుంది. ఆ తగ్గింపు మోతాదు మించితే గొంతు నీళ్లలో మునిగినట్టు వినిపిస్తుంది; కొంచెం హోరు ఉన్నా నయమే.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడు గాలి తగిలి ఢబ్బుమని చప్పుడొస్తుంది. రికార్డింగ్ మీటరులో కనిపించే శబ్ద స్థాయి గట్టి మాటల దగ్గర కూడా మైనస్ ఆరు డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి; ఆ మీటరులో సున్నాయే గరిష్ఠ హద్దు. సున్నాను తాకి పగిలిన శబ్దం మళ్లీ బాగుపడదు. తప్పు చదివినప్పుడు రికార్డింగ్ ఆపకుండా ఒక్క చప్పట్లు కొట్టి, వాక్యాన్ని మళ్లీ చదవండి. తెరపై ఆ చప్పట్లు నిటారు గీతలా కనిపిస్తాయి కాబట్టి కత్తిరించడం తేలిక. అసలు ప్రతిని నాణ్యత తగ్గని వేవ్ ఫైలుగా దాచుకుని, పంచడానికి చిన్న సైజు ఎంపీత్రీగా (64 కేబీపీఎస్, మోనో) చేస్తే నిమిషానికి అర మెగాబైటు కూడా కాదు.

నాన్నగారి రెండో మాట ఇంకా కష్టమైనది. నా వ్యాసంలో ఇలా ఉంది: "గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన, నీటిలో తేలే ఇటుకలతో విమాన శిఖరం నిర్మించిన, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ ఆలయం." చదివే కన్ను వెనక్కి వెళ్లి చూసుకోగలదు, చెవికి ఆ వీలు లేదు. ఇప్పుడు చదివే ప్రతిని విడిగా రాసుకుంటాను: "ఈ గుడి కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. ఆయన గణపతిదేవుని సేనాని." అంకెలను కూడా అక్షరాల్లోనే రాస్తాను, "పన్నెండు వందల పదమూడు" అని. లేకపోతే మైకు ముందు నాలుక తడబడుతుంది. కుండలీకరణాల్లోని మాటలను వాక్యంలో కలుపుతాను, లేదా తీసేస్తాను.

సొంత వ్యాసం కాబట్టి ఇలా మార్చుకోగలను. ఇతరుల వ్యాసాలకు అనుమతి తీసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి. తెలుగు వికీపీడియా వ్యాసాలను మూలం పేర్కొని, అదే లైసెన్సుతో, అంటే ఇతరులూ అవే షరతులతో వాడుకునేలా, చదివి పంచవచ్చు.

యాస గురించి భయపడకండి. నేను మొదట్లో రేడియో వార్తల గొంతును అనుకరించాను. నాన్నగారు "ఎవరో చదువుతున్నారు" అన్నారు. మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు స్పష్టంగా పలికితే చాలు. మొదటి రికార్డింగ్‌ను ఎక్కడా పెట్టకముందు, వ్యాసం చదవని ఒకరికి వినిపించి, ఎక్కడ దారి తప్పారో అడగండి.