మెర్ల్ ఓబెరాన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పాతకాలపు హాలీవుడ్ నటి మెర్ల్ ఓబెరాన్ మీద నీ వ్యాసం రాత్రి చదివాను, పొద్దున మళ్లీ చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ మొదటి వాక్యంలోనే ఆవిడని అబద్ధాలకోరు అనేశావు చూడు, అక్కడ నా మనసు ఒప్పలేదు. తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లు ఇంక దేనికోసం చదవాలి?

1911లో బొంబాయిలో పుట్టడం, కలకత్తాలో పెరగడం, ఇంగ్లండ్ వెళ్లడం, 1933లో దర్శకుడు అలెగ్జాండర్ కోర్డా సినిమాలో ఇంగ్లండ్ రాణి యాన్ బొలీన్‌గా కాసేపు కనిపించి పేరు తెచ్చుకోవడం, ‘డార్క్ ఏంజెల్’కి ఆస్కార్ నామినేషన్, 1939లో ‘వుదరింగ్ హైట్స్’... అన్నీ వరసగా రాశావు, తేదీలు తప్పు పోలేదు. అయితే ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో పుట్టానని ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో ఒక్క ముక్క లేదు. తెల్లవాళ్లకీ వేరే జాతివాళ్లకీ మధ్య ప్రేమని తెరమీద చూపించడానికే హాలీవుడ్ ఒప్పుకోని రోజులవి. తను పూర్తిగా తెల్లజాతి మనిషి కాదన్న నిజం బయటపడితే హీరోయిన్‌గా ఆవిడ పని అక్కడితో సరి.

ఇంకో సంగతి. తల్లిగా పెంచిన షార్లెట్ నిజానికి అమ్మమ్మ. ఒంటి రంగు నలుపు కాబట్టి ఇంటికొచ్చినవాళ్లకి ఆమెని పనిమనిషి అని చెప్పేవారట. షార్లెట్ చనిపోయిన చాలా ఏళ్లకి ఆమె బొమ్మ గీయించుకుంది మెర్ల్, రంగు తెల్లగా వేయించి. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు! మా అక్కకి సంబంధాలు చూసే రోజుల్లో ఫొటో స్టూడియోలో టచింగ్ చేసి తెల్లగా తెచ్చిచ్చారు, ఇంట్లో అందరూ బాగుందన్నారు, అక్క మాత్రం ఆ ఫొటో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ బొమ్మ గురించి చదివినప్పుడల్లా నాకు అక్క చేతుల్లో ఆ ఫొటోనే గుర్తొస్తుంది. నీకు గుర్తొచ్చేది ఏదో ఉంటుంది, అది పట్టుకో.

లైటు సంగతి అసలు వదిలేశావు. 1937లో కారు ప్రమాదంలో ముఖానికి గాయాలై మచ్చలు మిగిలాయి. తర్వాత ఛాయాగ్రాహకుడు లూసియన్ బల్లార్డ్ కెమెరా పక్కనే ఒక చిన్న లైటు బిగించాడు, వెలుగు నేరుగా ముఖం మీద పడితే మచ్చల నీడలు కనపడవు. 1945లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు, నాలుగేళ్లకి విడిపోయారు. ఆ లైటుని మాత్రం కెమెరావాళ్లు ఇప్పటికీ ‘ఓబీ’ అనే అంటారు, ఆవిడ పేరు మీద. ఇలాంటి వస్తువు దొరికినప్పుడు విశేషణాలు పక్కన పెట్టెయ్, అది ఎలా పనిచేస్తుందో రాయి చాలు.

1978లో ఆవిడ టాస్మేనియాలోని హోబార్ట్ వెళ్లింది, అంటే తను పుట్టానని జీవితమంతా చెప్పుకున్న ఊరికి. అక్కడ ఆవిడకి స్వాగత సభ పెట్టారు. మరుసటి ఏడాది నవంబర్‌లో చనిపోయింది. ఆ సభ నీ వ్యాసంలో చివరి పేరాలో ఉంది, దాన్ని మొదటికి తెచ్చి అక్కణ్నుంచి వెనక్కి రాసుకుంటూ రా. ఎన్ని పేజీలైనా ఫరవాలేదు, అయ్యాక పంపు, కూర్చుని చదువుతాను.

మీ అన్నయ్య