వీపులో వేసిన కడ్డీల లోహం రక్తంలో కలుస్తుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. మా అమ్మాయికి 14 ఏళ్లు. వెన్ను పక్కకు వంగిపోయే స్కోలియోసిస్ ఉందని రెండేళ్ల క్రితం ఆపరేషన్ చేసి, వీపులో టైటానియం కడ్డీలు, స్క్రూలు వేశారు. ఇప్పుడు నొప్పి లేదు, సైకిల్ మీద బడికి వెళ్లి వస్తోంది. అయితే లోపల వేసిన లోహం రక్తంలో కలుస్తుందని, ముందు ముందు కిడ్నీలు పాడవుతాయని, పిల్లలు పుట్టడం కష్టమవుతుందని చెప్పే వీడియో ఒకటి మా బంధువు చూపించారు. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. రక్తపరీక్ష చేయించమంటారా? ఎముక అతుక్కుపోయింది కదా, కడ్డీలు తీయించేయమంటారా? – ఒక తల్లి, కోనసీమ

సమాధానం: అమ్మా, మీరు చూసిన వీడియోలో ఒక మాట నిజమే. శరీరంలో అమర్చిన లోహం ఏదైనా సరే, అతి స్వల్పంగా విడుదలవుతూనే ఉంటుంది. వెన్నులో టైటానియం కడ్డీలు ఉన్న పిల్లల రక్తాన్ని పరీక్షించినప్పుడు, కడ్డీలు లేని వారి కంటే టైటానియం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పవలసిన బాధ్యత మా వైద్యులది. మేము చెప్పని చోటే ఇటువంటి వీడియోలు భయపెట్టగలుగుతున్నాయి. కాబట్టి లోహం ఎంత వస్తుంది, ఎక్కడి నుంచి వస్తుంది, దేనిని చూసి జాగ్రత్తపడాలి అన్నది కొంచెం వివరంగా చెబుతాను.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోవడం మీరు చూసే ఉంటారు. మన శరీరంలోని ద్రవాలు కూడా ఉప్పదనం ఉన్నవే, అందుకే మామూలు ఇనుము లోపల పెట్టడానికి పనికిరాదు. ఇనుముకు పట్టే తుప్పు రాలిపోయి కింది లోహాన్ని మళ్లీ ఉప్పుకు అప్పగిస్తుంది. టైటానియం అలా కాకుండా, గాలి తగిలిన మరుక్షణమే కంటికి కనిపించని పలుచని ఆక్సైడ్ పొరను తన మీద కప్పుకుంటుంది. ఆ పొర గట్టిగా అంటుకుని ఉంటుంది, గీత పడినా వెంటనే తిరిగి ఏర్పడుతుంది. పిల్లల వెన్నులో ఎక్కువగా వాడే మిశ్రమంలో దాదాపు 90 శాతం టైటానియం, 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి.

అంత గట్టి పొర ఉన్నప్పుడు లోహం ఎలా బయటికి వస్తుందని మీరు అడగవచ్చు. రేవులో పడవను కట్టిన తాడు పొడవునా అరగదు, గుంజకు రాసుకునే చోటే అరుగుతుంది. అలాగే కడ్డీ నునుపుగా ఉన్న భాగం నుంచి వచ్చేది చాలా తక్కువ, కడ్డీని స్క్రూ తలలో బిగించిన చోట, రెండు లోహాలు సూక్ష్మంగా కదిలి రాసుకున్నప్పుడు ఆ పొర పదే పదే చెదిరి, సన్నని రేణువులు, అయాన్లు విడుదలవుతాయి. అందువల్లనే ఈ విషయంలో లోహం పేరు కంటే కదలిక ముఖ్యం. మీ అమ్మాయికి చేసినది ఫ్యూజన్ ఆపరేషన్, అంటే వంకరను సరిచేసి ఆ పూసలను ఒకదానితో ఒకటి అతుక్కునేలా చేయడం. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఎముక గట్టిపడుతుంది, ఆ తరువాత బరువంతా ఎముకే మోస్తుంది కనుక కడ్డీకీ స్క్రూకీ మధ్య రాపిడి బాగా తగ్గిపోతుంది. రక్తంలో టైటానియం ఆపరేషన్ అయిన తొలి వారాలలో పెరిగి, ఆపైన ఇంచుమించు ఒకే స్థాయిలో నిలుస్తుంది. అప్పటికీ దానిని లీటరు రక్తానికి కొద్ది మైక్రోగ్రాములుగానే లెక్కిస్తారు, మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు.

వీడియోలలో చూపించే భయానక కథనాలు చాలావరకు తుంటి కీలు మార్పిడికి సంబంధించినవి. లోహపు బంతి లోహపు గిన్నెలో తిరిగే కృత్రిమ తుంటి కీళ్లలో, వేసిన ప్రతి అడుగుకూ రాపిడి జరిగి, కోబాల్టు, క్రోమియం పెద్ద మోతాదులో విడుదలై కొందరు రోగులు నిజంగానే బాధపడ్డారు. అటువంటి ఒక రకం కీలును 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. అతుక్కుపోయిన వెన్నులో అలా తిరిగే కీలేమీ లేదు. అమెరికాలో పాల్ హారింగ్టన్ అనే శస్త్రవైద్యుడు స్టీలు కడ్డీలతో వెన్ను వంకరను సరిచేసే పద్ధతిని 1962లో ప్రచురించారు. అప్పటి నుంచి కడ్డీలతోనే పెరిగి పెద్దవారై, సంసారాలు చేసుకున్న వారు లోకమంతటా ఉన్నారు. ఈ కడ్డీల టైటానియం వల్ల కిడ్నీలు పాడవుతాయని గానీ, సంతానం కలగదని గానీ రుజువు కాలేదు. అయితే విడుదలైన లోహంలో కొంత మూత్రం ద్వారానే పోవాలి కనుక, ముందే కిడ్నీ జబ్బు ఉన్న పిల్లల విషయంలో ఆ సంగతి సర్జన్‌కు తప్పక చెప్పాలి. రేపు మీ అమ్మాయి కాన్పు సమయంలో వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇవ్వవలసి వస్తే, ఎక్కడి వరకు స్క్రూలు ఉన్నాయో మత్తు డాక్టరు ముందే ఎక్స్‌రేలో చూసుకోవాలి, అంతే.

రక్తపరీక్ష ఇప్పుడు వద్దు. పిల్లల వెన్నులోని కడ్డీల విషయంలో 'ఇంత దాటితే ప్రమాదం' అనే హద్దును వైద్యశాస్త్రం ఖరారు చేయలేదు కాబట్టి, చేతికి వచ్చిన అంకె మీ భయాన్ని పెంచడం తప్ప చికిత్సను మార్చదు. పైగా ఇంత సూక్ష్మ పరిమాణాలను కొలవడానికి ప్రత్యేకమైన ట్యూబులు కావాలి. మామూలు స్టీలు సూదితో రక్తం తీసినా క్రోమియం, నికెల్ అంకెలు తప్పుగా ఎక్కువ వచ్చే వీలుంది.

కడ్డీలు తీయించే ఆలోచనను మాత్రం పూర్తిగా విరమించుకోమని గట్టిగా చెబుతున్నాను. రెండేళ్లలో స్క్రూల చుట్టూ, కొన్నిచోట్ల వాటి మీద కూడా ఎముక పెరిగి ఉంటుంది. వాటిని తీయడం మొదటి ఆపరేషన్‌కు ఏమాత్రం తీసిపోని పని. ఎముక అతుక్కున్నాక తీసినా, సరిచేసిన వంకర మళ్లీ కొంత తిరిగి రావడం మాకు అనుభవమే. ఇన్‌ఫెక్షన్, కడ్డీ విరగడం, స్క్రూ వదులై బాధించడం వంటి కారణం ఉంటేనే తీయాలి.

ఇదే ప్రశ్న ఆరేడేళ్ల పిల్లల తల్లిదండ్రులు అడిగితే నా సమాధానం కొంత వేరుగా ఉంటుంది. ఇంకా ఎదగవలసిన పిల్లలకు వెన్నును అతికించకుండా, ఎదుగుదలతో పాటు సాగదీసే కడ్డీలు వేస్తాము. వీటిలో పాత రకాన్ని దాదాపు ఆరు నెలలకొకసారి చిన్న ఆపరేషన్‌తో పొడిగిస్తారు. కొత్త రకంలో లోపల అయస్కాంతం ఉంటుంది, బయటి నుంచి యంత్రం పెట్టి కోత లేకుండానే సాగదీస్తారు. పిల్లవాణ్ణి ఆరు నెలలకొకసారి కోతకు సిద్ధం చేయడం ఎంత కష్టమో తెలిసిన తల్లులకు ఇది గొప్ప ఊరట. కానీ ఈ వెన్ను అతుక్కోలేదు కనుక కదలిక ఆగదు, రాపిడీ ఆగదు. అయస్కాంతపు కడ్డీలను తీసినప్పుడు చుట్టుపక్కల కండ, పొరలు టైటానియం పొడితో నల్లగా మరకలు పడి ఉండటం చాలామంది సర్జన్లు గమనించారు. ఈ రేణువులు, లోపలి పిన్నులు విరగడం వంటి కారణాలతో 2020లో బ్రిటన్‌లో వీటి వాడకాన్ని కొంతకాలం నిలిపివేయించారు. ఆ నల్ల మరక వల్ల పిల్లలకు ఒంట్లో జబ్బు వచ్చినట్లు తేలలేదు. అయినా ఇటువంటి కడ్డీలు ఉన్న పిల్లలను ఒక్క విడత పరీక్షకు కూడా మానిపించకూడదు, సర్జన్ తీయాలన్న సమయానికి వాయిదా వేయకుండా తీయించాలి.

స్టీలులో నికెల్ ఉంటుంది కనుక, స్టీలు కడ్డీలు వేసే చోట్ల నికెల్ అలర్జీ గురించి ముందే చెప్పాలి. గిల్టు దిద్దులు పెట్టగానే చెవి తమ్మె దురద పెట్టి రసి కారే అమ్మాయి ఉంటే, ఆ చిన్న సంగతే సర్జన్‌కు టైటానియం ఎంచుకోవడానికి ఆధారమవుతుంది.

లోహం కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆలస్యంగా బయటపడే ఇన్‌ఫెక్షన్. పాలకొల్లు వైపు నుంచి ఒక పదహారేళ్ల అబ్బాయిని వాళ్ల అమ్మ తీసుకువచ్చింది. ఆపరేషన్ అయి రెండున్నరేళ్లు దాటింది. కుట్ల మచ్చ కింది చివర మొటిమంత పొక్కు, దాని నుంచి రోజూ ఒకటి రెండు చుక్కల పసుపు నీరు, చొక్కా మీద అర్ధరూపాయి బిళ్లంత మరక. జ్వరం లేదు. "లోపల ఇనుము పడలేదు" అని ఎవరో చెప్పగా, మందుల షాపులో యాంటీబయాటిక్ కొని నెలల తరబడి వేసుకుంటూ మానేస్తూ వచ్చారు. ఒకప్పుడు వైద్యులు కూడా దీనిని లోహపు రాపిడి వల్ల వచ్చే వాపుగానే భావించేవారు. తరువాత ల్యాబ్‌లో నమూనాను ఎక్కువ రోజులు ఉంచి చూస్తే, మొటిమలలో ఉండే, చాలా నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవి చాలామందిలో బయటపడింది. మామూలుగా కల్చర్‌ను, అంటే నమూనాలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షను, రెండు మూడు రోజులకే 'ఏమీ పెరగలేదు' అని తీసేస్తారు, దీనికి 10 నుంచి 14 రోజులు ఆగాలి. ఆ అబ్బాయికి మందు రెండు వారాలు ఆపించి నమూనా తీస్తే తొమ్మిదో రోజున పెరిగింది. ఎముక బాగా అతుక్కుని ఉంది కనుక కడ్డీలు తీసి, సరైన మందు పూర్తి కాలం ఇచ్చాము, మానింది.

కాబట్టి నెలకొకసారి మీ అమ్మాయి వీపు మీద మచ్చను మంచి వెలుతురులో పైనుంచి కింది వరకు చూడండి. పొక్కు, వాపు, తడి కనిపించినా, ఇన్నాళ్లూ లేని నొప్పి కొత్తగా మొదలైనా, వంగినప్పుడు టక్కుమని శబ్దం వచ్చినా, ఒక భుజం మళ్లీ పైకి లేచినట్లు అనిపించినా సర్జన్‌కు చూపించండి, ఈలోగా యాంటీబయాటిక్ మాత్రం మొదలుపెట్టవద్దు. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం పట్టు తప్పడం వంటివి వస్తే ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. 'ఒంట్లో లోహాన్ని కడిగేస్తాయి' అని అమ్మే భస్మాలు, పొడులు దయచేసి ఇవ్వకండి. వాటిలో కొన్నింటిలో సీసం, పాదరసం ఉన్నట్లు పరీక్షలలో బయటపడింది, అవి కిడ్నీలకు నిజంగా హాని చేసే లోహాలు.

చివరగా ఒక పని చెబుతాను, ఈ రోజే చేయండి. ఆపరేషన్ ఫైలులో కడ్డీల తయారీ వివరాలు, లోహం రకం, లాట్ నంబరు ఉన్న చిన్న స్టిక్కర్లు ఒక కాగితం మీద అంటించి ఉంటాయి. ముందు ముందు ఏ డాక్టరు చూసినా, ఎంఆర్ఐ తీయవలసి వచ్చినా మొదట అడిగేది ఆ కాగితమే. గోదావరికి వరద వచ్చిన ఏడాది లంక గ్రామాల నుంచి ఫైలు తడిసి ముద్దయిపోయి వచ్చినవారు నా దగ్గర ఉన్నారు, వాళ్ల పిల్లల వీపులో ఉన్నది స్టీలో టైటానియమో తెలుసుకోవడానికి ఎన్నో ఉత్తరాలు రాయవలసి వచ్చింది. ఆ కాగితాన్ని ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ, అమ్మాయి నాన్నగారి ఫోన్‌లోనూ ఉంచండి.